సముద్రశాస్త్రం చదువుతానంటున్న అమ్మాయి, భయపడుతున్న తండ్రి

సోంపేట మండలం నుంచి రాసిన తండ్రి గారికి,

మీ లేఖ సారాంశం ఇది. శ్రీకాకుళంలో బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయి, వాతావరణ మార్పు వల్ల సముద్ర జీవావరణానికి ఏమవుతోందో పరిశోధిస్తున్న ఒక శాస్త్రవేత్త ప్రసంగం విన్న నాటి నుంచి తానూ అదే పని చేస్తానని పట్టుబడుతోంది. ఆమెను నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు విజయవాడ పంపాలని మీ ఆలోచన. ఇంతలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు ‘వాతావరణ మార్పు, సుస్థిరత’ పేరుతో కొత్త డిగ్రీ ఉందనీ, వెంటనే అడ్వాన్సు కట్టమనీ ఫోన్లు చేస్తున్నారు. ఈ రెండింటిలో ఏది మేలని అడిగి, చివర ఇలా రాశారు: “మా నాన్న వేటకు వెళ్ళి నన్ను చదివించాడు. నేను ఉద్యోగంలో కుదురుకున్నాను. ఇప్పుడు నా కూతురు మళ్ళీ సముద్రంలోకేనా?”

మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యంలోనే ఉంది. భావనపాడు నుంచీ, కళింగపట్నం నుంచీ, విజయనగరం జిల్లా చింతపల్లి నుంచీ నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు దాన్నే రకరకాల మాటల్లో అడుగుతారు. సముద్రమంటే మీకు తుపాను రాత్రులు, ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం, గుజరాత్‌లోని వేరావల్‌కు వలస. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే మీ నాన్నగారు చేసిన పనికీ, మీ అమ్మాయి కోరుకుంటున్న పనికీ ఆ నీళ్ళు తప్ప ఉమ్మడిగా ఉన్నది చాలా తక్కువ. ఆ పని ఎలా ఉంటుందో మీకూ ఆమెకూ కూడా స్పష్టంగా తెలియదని నాకు అనిపిస్తోంది కనుక ముందుగా అది చెబుతాను.

మనుషుల వల్ల భూమిపై పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే తీసుకుంటున్నాయి. పై నీరు వేడెక్కి తేలికైనప్పుడు అది అడుగునున్న చల్లని నీటితో సులభంగా కలవదు. పోషకాలు ఉండేది ఆ అడుగు నీటిలోనే కనుక, ఎండతో ఆహారం తయారు చేసుకుంటూ పై పొరల్లో తేలే సూక్ష్మమైన వృక్షప్లవకాలకు పోషణ తగ్గుతుంది, వాటి మీద ఆధారపడిన కవళ్ళ వంటి చేపల మీదా దాని ప్రభావం పడుతుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహపరిశోధకులు 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, హిందూ మహాసముద్రపు పశ్చిమ భాగంలో ఆరు దశాబ్దాల్లో ఈ ప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయి. వారు ఆ నిర్ణయానికి వచ్చింది, సముద్రపు రంగును బట్టి ఉపగ్రహాలు కొలిచిన పత్రహరితపు (ప్లవకాల్లో ఉండే ఆకుపచ్చ పదార్థపు) లెక్కలనూ కంప్యూటరు నమూనాలనూ కలిపి చూసి. మన బంగాళాఖాతం కథ కొంత వేరు. గంగా బ్రహ్మపుత్రల నుంచి మహానది, గోదావరి వరకు నదులు తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి పైన ఒక పొరగా నిలుస్తుంది కనుక, ఇక్కడ పై నీరూ అడుగు నీరూ కలవడం ముందు నుంచే కష్టం. దాని మీద వేడి కూడా పెరిగితే ఏమవుతుందన్నది మన తీరానికి నేరుగా సంబంధించిన ప్రశ్న. మన తీరపు ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ సంగతీ ఇలాంటిదే: పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది, ఇసుక వేడెక్కిన కొద్దీ ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయి.

ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతికే ఈ రంగంలో ఎక్కువ భాగం పని గది లోపలే జరుగుతుంది. తెచ్చిన నీటిని వడపోయడం, సూక్ష్మదర్శిని కింద ప్లవకాలను గంటల తరబడి లెక్కించడం, ఉపగ్రహ సమాచారంలోని తప్పులను ఏరి ప్రోగ్రాములు రాయడం, ఆ తరవాత గణాంకశాస్త్రంతో కుస్తీ. ఓడ ప్రయాణం ఉంటుంది, కానీ అది ఏడాదిలో కొన్ని వారాల మాట. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) ఉపగ్రహాలు చూపిన నీటి వేడినీ పత్రహరితాన్నీ బట్టి చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో లెక్కగట్టి మత్స్యకారులకు సూచనలు పంపుతుంది. మీ బంధువుల్లో ఇప్పటికీ వేటకు వెళ్ళేవారిని అడగండి, వాటి సంగతి వారికి తెలిసే ఉంటుంది. మీ అమ్మాయి చేరాలనుకుంటున్నది ఆ సూచనను తయారు చేసే వైపు.

ఇక ‘వాతావరణ మార్పు’ పేరు పెట్టుకున్న డిగ్రీల మీద నా అనుమానాలు చెప్పాలి. కొంచెం ఎక్కువగానే చెబుతాను. ఇలాంటి కోర్సుల పాఠ్యప్రణాళికలు విద్యార్థులు తెచ్చి చూపించినప్పుడల్లా నాకు ఒకే లోటు కనిపిస్తోంది. విపత్తు నిర్వహణ కొంత, పర్యావరణ చట్టాలు కొంత, అంతర్జాతీయ ఒప్పందాలు కొంత, పటాల తయారీ కొంత ఉంటాయి. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణాంకాలు మాత్రం పేరుకే ఉంటాయి. ఇది పెళ్ళిభోజనంలో విస్తరి నిండా పచ్చళ్ళు వడ్డించి అన్నం మరిచిపోవడం లాంటిది. మూడేళ్ళ తరవాత ఆ అమ్మాయి సముద్రశాస్త్రం ఎంఎస్సీకి దరఖాస్తు పెట్టబోతే అక్కడ గణితం, భౌతికశాస్త్రం చదివారా అని అడుగుతారు. సముద్ర జీవశాస్త్రానికి వెళితే జంతుశాస్త్రమో వృక్షశాస్త్రమో చదివారా అని అడుగుతారు. అప్పుడు చేతిలో ఉన్న డిగ్రీ పేరు ఎంత కొత్తగా ఉన్నా ఉపయోగపడదు. అన్ని చోట్లా ఇలాగే ఉందని అనను. కంపెనీల పర్యావరణ నివేదికలు రాసే ఉద్యోగాలకు అలాంటి చదువు సరిపోవచ్చు. కానీ మీ అమ్మాయి అడిగింది ఆ ఉద్యోగం కాదు. ఫోన్ చేస్తున్న వారిని ఒక్క మాట అడగండి: మీ విద్యార్థుల్లో ఎవరు ఏ సంస్థలో సముద్రశాస్త్రం ఎంఎస్సీకి చేరారు? సూటిగా జవాబు రాకపోతే అడ్వాన్సు కట్టకండి.

నీట్ సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. వైద్యం చదవాలని ఉన్న పిల్లలకే లాంగ్‌టర్మ్ ఏడాది నరకంలా గడుస్తుంది; ఇష్టం లేని పిల్లను ఆ హాస్టల్లో పెడితే ఏడాదీ పోతుంది, డబ్బూ పోతుంది, ఇంట్లో మాటలూ పోతాయి.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం గట్టిగా అనవలసి వస్తోంది, ఏమీ అనుకోకండి. మీ లేఖలో మీ సహోద్యోగి కుమారుడికి ఏ మెడికల్ కాలేజీలో సీటు వచ్చిందో ఉంది, మీ బావమరిది ఏమన్నారో ఉంది, ఫీజుల లెక్క ఉంది. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో, దేనిలో తడబడుతుందో ఒక్క వాక్యం కూడా లేదు. ఆమెది మోజు అని తేల్చేశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ప్రాంతం మీదుగా వెళ్ళినప్పుడు ఆమెకు తొమ్మిదో పదో ఏళ్ళు ఉండి ఉంటాయి. ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలడం చూసిన పిల్ల, వేడెక్కిన సముద్రం తుపానుకు బలమిస్తుందని ఒక శాస్త్రవేత్త వివరిస్తే కదలకుండా వినడం మోజు ఎలా అవుతుంది? మోజు అవునో కాదో ఆమెను కూర్చోబెట్టి అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మీది.

దారి విషయానికి వస్తే, ఇరవై లోపు వయసులో ఇరుకైన పేరున్న చదువు కొనకుండా మౌలిక శాస్త్రం గట్టిగా చదివించడమే నా సలహా. ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురంలో ఐఐఎస్‌ఈఆర్ (కేంద్ర ప్రభుత్వపు విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) ఉంది, తిరుపతిలో మరొకటి ఉంది. ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్‌లో బైపీసీ పిల్లలకూ చోటుంది, కానీ ప్రవేశ పరీక్షలోనూ మొదటి ఏడాదిలోనూ గణితం తప్పదు. కనుక ఇంటర్ ఎంపీసీ గణితం పుస్తకాలు ఈ వేసవిలోనే ఆమె చేతిలో పెట్టండి. అక్కడ సీటు రాకపోతే జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం ఉన్న మంచి బీఎస్సీ చాలు. ఆ తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవ వనరుల విభాగం ఉంది. 1950లలోనే అమెరికన్ సముద్రశాస్త్రవేత్త లాఫాండ్ వచ్చి పనిచేసిన విశ్వవిద్యాలయం అది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం, బరంపురం విశ్వవిద్యాలయం కూడా ఈ చదువుకు పేరున్నవే. ఉద్యోగ భద్రతే మీ మనసును తొలుస్తుంటే బీఎఫ్‌ఎస్సీ గురించి కూడా ఆలోచించండి: నాలుగేళ్ళ మత్స్యశాస్త్ర డిగ్రీ, మత్స్యశాఖలోనూ ఆక్వా రంగంలోనూ పనికి వస్తుంది, పరిశోధన తలుపూ మూయదు.

ఈ దారి పొడవైనదని దాచను. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ఆమెకు ఇరవై ఎనిమిదో ముప్ఫయ్యో వస్తాయి. శాశ్వత శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, వాటికి ముందు ఏళ్ళ తరబడి ప్రాజెక్టు ఒప్పందాల మీద పనిచేయవలసి రావచ్చు. అయితే ఆ కాలమంతా మీ జేబు మీద నడవదు. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో, పరిశోధన విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ సాధిస్తే 2023 జనవరి నుంచి ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరవాత 42,000, దానిపై ఇంటి అద్దె భత్యం వస్తాయి. మధ్యలో ఏ మెట్టు దగ్గర ఆగినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది: బీఎస్సీ దగ్గర ఆగితే బీఈడీ, ఎంఎస్సీ దగ్గర ఆగితే కాలేజీలో బోధన, ఆక్వా ప్రయోగశాలలు. లెక్కలూ ప్రోగ్రాములూ నేర్చుకున్న పిల్లకు మరో రంగంలోకి మారడం కష్టం కాదు.

ఆడపిల్లను ఓడల మీద పంపాలా అని కూడా అడిగారు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన అదితీ పంత్ 1983లో అంటార్కిటికా యాత్రకు వెళ్ళారు. ఆమె పరిశోధించింది కూడా ఈ ప్లవకాల గురించే. నలభై ఏళ్ళ కిందట ఒక స్త్రీ అంత దూరం వెళ్ళి పనిచేసి వచ్చిన రంగంలో, విశాఖపట్నం నుంచి బయలుదేరే పరిశోధన నౌక గురించి ఇప్పుడు మీరు నిద్ర మానుకోవలసిన పని లేదు.

ఇంటర్ పరీక్షలయ్యాక అమ్మాయిని వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్ళండి. ముందుగా అనుమతి తీసుకుని, సముద్ర జీవ వనరుల విభాగంలో ఎంఎస్సీ చదువుతున్న విద్యార్థులతో ఆమెను ఒక పూట మాట్లాడనివ్వండి. రోజు ఎలా గడుస్తుందో, ఏది విసుగు పుట్టిస్తుందో, ఎవరికి ఉద్యోగం వచ్చిందో, ఎవరికి రాలేదో ఆమే అడగాలి. మీరు ఆ పూట బయట కూర్చోండి.