పదకొండేళ్ల కుక్క విమానం ఎక్కగలదా?

పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వీధిలో బండి తగిలి పడి ఉన్న కుక్కపిల్లను మా అమ్మాయి ఇంటికి తెచ్చి సాకింది. పేరు మల్లి. ఇప్పుడు దానికి 11 ఏళ్లు దాటినయి. అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నది. వచ్చే చలికాలం వచ్చి మల్లిని తీసుకుపోతా అంటున్నది. ఈ వయసులో అది తట్టుకుంటుందా? పని ఎక్కడ మొదలుపెట్టాలె?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వయసును పక్కన పెట్టి ముందు గుండె, మూత్రపిండాల సంగతి తేల్చుకోండమ్మా. పదమూడేళ్ల కుక్కలు క్షేమంగా చేరినవి ఉన్నాయి, ఎనిమిదేళ్లకే ప్రయాణానికి పనికిరానివీ ఉన్నాయి. రక్తకణాల లెక్క, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయం పరీక్ష, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఈ ఐదూ చేయించండి. డాక్టర్‌కు గుండె చప్పుడులో తేడా వినిపిస్తే ఎకో (గుండె స్కాన్) కూడా తీయాలి. మీకు దగ్గర్లోనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడిగి చూడండి. ఇంట్లో మీరు చేయగల పరీక్ష ఒకటుంది. మల్లి ఫ్యాను కింద గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు లేచి పడటం గమనించండి. లేచి పడితే ఒక శ్వాస. 30 సెకన్లు లెక్కబెట్టి రెండుతో గుణించండి. వారం రోజులు రాసిపెట్టుకోండి. నిమిషానికి 30 దాటడం మళ్లీ మళ్లీ కనిపిస్తే టికెట్ మాట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎండలో తిరిగొచ్చి రొప్పుతున్నప్పుడు లెక్కబెడితే ఆ సంఖ్యకు అర్థం లేదు.

ఆరోగ్యం బాగుందని తేలితే ఇక మిగిలింది తేదీల లెక్క. ఎక్కువమంది ప్రయాణం చెడేది ఇక్కడే. యూరప్ దేశాలు మన దేశాన్ని రేబిస్ అదుపులో ఉన్న దేశాల జాబితాలో పెట్టలేదు. కాబట్టి క్రమం ఇలా ఉండాలి: మొదట చర్మం కింద అమర్చే, 15 అంకెల నంబరున్న ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) మైక్రోచిప్, దాని తర్వాతే రేబిస్ టీకా. రెండూ ఒకే రోజు అయినా పరవాలేదు కానీ చిప్ ముందు పడాలి, టీకా పుస్తకంలో చిప్ నంబరు రాయించాలి. మల్లికి పదేళ్లుగా ఏటా టీకా వేయించి ఉండవచ్చు. చిప్ లేనప్పుడు వేసిన టీకాలు వాళ్ల లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ టీకా ఈ కుక్కకే పడిందని నిరూపించే ఆధారం లేదు. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి, కణాలు తీసేయగా మిగిలే ద్రవాన్ని, అంటే సీరమ్‌ను, యూరప్ ఆమోదించిన ల్యాబ్‌కు పంపాలి. టీకా వల్ల రక్తంలో ఎంత రక్షణ (యాంటీబాడీలు) వచ్చిందో కొలిచే దీన్నే టైటర్ పరీక్ష అంటారు. ఫలితం మిల్లీలీటరుకు 0.5 ఐయూ లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు పూర్తయ్యాకే ప్రవేశం. రిపోర్టు వచ్చిన తేదీ నుంచి లెక్కబెట్టనక్కర్లేదు, చాలామంది ఇక్కడ పొరబడుతున్నారు.

జూలై మొదటి వారంలో చిప్, టీకా వేయించారనుకోండి. ఆగస్టు పదో తేదీకి రక్తం తీయించవచ్చు. నవంబర్ రెండో వారం తర్వాత మల్లి బయల్దేరవచ్చు. అప్పటికి ఓరుగల్లు ఎండలు పోయి చల్లబడి ఉంటుంది, ముసలి ప్రాణానికి అదే సరైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పెట్టుకోవద్దు. విమానం కార్గో గదిలో గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత అదుపులోనే ఉంటాయి. ప్రమాదమంతా విమానంలోకి ఎక్కించేముందు పెట్టె ఎండలో ఆగే సమయంలో ఉంటుంది. వేడి ఎక్కువున్న రోజుల్లో చాలా విమాన సంస్థలే జంతువులను తీసుకోవు.

ముసలి కుక్కల్లో ఒక డోసుకే సరిపడా యాంటీబాడీలు రాకపోవచ్చు. మొదటి టీకా తర్వాత మూడు, నాలుగు వారాలకు రెండో డోసు వేయించి, ఆ తర్వాత 30 రోజులకు రక్తం తీస్తే ఫెయిలయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. ఒక నెల ఆలస్యమైనా మేం దీనికే మొగ్గు చూపుతాం. పరీక్ష ఫెయిలైతే మళ్లీ టీకా, మళ్లీ రక్తం, మళ్లీ మూడు నెలలు. సీరమ్ ఎర్రబారకూడదు, రక్తాన్ని బలంగా లాగినా, ఎక్కువగా కుదిపినా కణాలు చిట్లి నమూనా పాడవుతుంది. ఖాళీ కడుపున తీయించండి. ఫారంలో చిప్ నంబరులో ఒక్క అంకె తప్పినా ఆ రిపోర్టు పనికిరాదు, ఇద్దరు చదివి సరిచూసుకోండి. ఒకసారి పాసైతే, ఆ తర్వాత బూస్టర్లు గడువు దాటకుండా వేయిస్తున్నంత కాలం మళ్లీ పరీక్ష అక్కర్లేదు. ఒక్క రోజు గడువు దాటినా మొదటికొస్తుంది.

మీ అమ్మాయి ప్రయాణ తేదీకీ మల్లి ప్రయాణ తేదీకీ మధ్య 5 రోజులకు మించి తేడా ఉండకూడదు. మించితే అది సొంత పెంపుడు జంతువు లెక్కలో కాకుండా వ్యాపార దిగుమతి నిబంధనల కిందికి వెళ్తుంది. ఆ 5 రోజుల తేడాలోనే ప్రయాణిస్తూ అమ్మాయి మల్లి వెంట ఉండలేకపోతే, ఆమె రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన మనిషి వెంట వెళ్లవచ్చు. చివరి కాగితం యూరప్ ఆరోగ్య ధ్రువపత్రం. చేరే తేదీకి ముందు 10 రోజుల లోపు ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకంతో ఉండాలి. దీనికి, దేశం దాటే అనుమతికి హైదరాబాద్‌లోని కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయానికి మల్లిని వెంట తీసుకెళ్లి చూపించాలి. కాబట్టి రెండు మూడు రోజులు ముందే హైదరాబాద్ చేరి, తెలిసినవాళ్ల ఇంట్లో దిగండి. హనుమకొండ నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకు పరుగెత్తిస్తే విమానం ఎక్కకముందే కుక్క అలసిపోతుంది. జర్మనీ చేరాక అక్కడి మున్సిపాలిటీలో నమోదు చేసి కుక్క పన్ను కట్టాలని అమ్మాయికి చెప్పండి.

ఇక పెట్టె. కొలతలు నాలుగు, మల్లి నిలబడి ఉండగా తీయాలి. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా ఒకటి, నేల నుంచి ముంగాలి మోచేతి దాకా రెండు, భుజాల వెడల్పు మూడు, నేల నుంచి చెవి కొన దాకా నాలుగు. పొడవు మొదటి కొలతకు రెండో కొలతలో సగం కలిపినంత. వెడల్పు మూడోదానికి రెట్టింపు. ఎత్తు నాలుగోదానికి పరుపు మందం కలిపినంత. మన వీధికుక్కల చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి కాబట్టి నెత్తి దాకా కొలిస్తే సరిపోదు. ఉదాహరణకు 75, 30, 17, 62 సెంటీమీటర్లు వచ్చాయనుకుంటే, నాలుగు సెంటీమీటర్ల పరుపుతో లోపలి కొలత కనీసం 90 పొడవు, 34 వెడల్పు, 66 ఎత్తు ఉండాలి. దుకాణంవాళ్లు చెప్పేది బయటి కొలత. 91 పొడవు, 66 ఎత్తు అని రాసి ఉన్న పెట్టె సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ లోపల సరిపోదు, పై సైజు తీసుకోండి. ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి లోహపు నట్లు, బోల్టులు బిగించండి. గాలి నాలుగు వైపుల నుంచీ ఆడాలి. నీళ్ల గిన్నె తలుపుకు బిగించి, బయటి నుంచి నింపేలా ఉండాలి. కీళ్ల నొప్పులున్న కుక్కకు అడుగున జారని మ్యాట్, దానిపైన తడి పీల్చే పరుపు వేయండి. కొత్త పరుపు కాదు, అది రోజూ పడుకునే పాత దుప్పటి ముక్క కలపండి.

ఆ పెట్టెను కనీసం రెండు నెలల ముందే హాల్లో తలుపు లేకుండా పెట్టండి. అన్నం అందులోనే పెట్టాలి. అలవాటయ్యాక తలుపు బిగించి 5 నిమిషాలు, తర్వాత గంట, తర్వాత రాత్రంతా. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకు మూసిన తలుపంటేనే భయం. తలుపు కొరికి పళ్లు విరగ్గొట్టుకునేవి, గోళ్లు చీరుకునేవి ఎక్కువగా ఈ అలవాటు చేయనివే.

ప్రశ్న: విమానంలో అరవకుండా నిద్రమాత్ర వేస్తే మంచిదని ఒకరు చెప్పారు. వేయవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వేయవద్దు. మత్తుమందు రక్తపోటును తగ్గిస్తుంది, శరీరం తన వేడిని తాను సర్దుకునే శక్తిని దెబ్బతీస్తుంది. పెట్టె కుదిపినప్పుడు కాళ్లు నిలదొక్కుకోలేక కుక్క పడిపోతుంది, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. లోపల చూసేవాళ్లు ఎవరూ ఉండరు. మత్తులో ఉన్నట్టు కనిపిస్తే కౌంటర్ దగ్గరే వెనక్కి పంపుతారు కూడా. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి, నాలుగైదు గంటల ముందు కొద్దిగా పెట్టి, నీళ్లు మాత్రం చివరి దాకా ఇవ్వండి. పెట్టె గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఒలికిపోకుండా మెల్లగా కరుగుతాయి.

ప్రశ్న: మా అల్లుడూ బిడ్డా అమెరికాలో ఉన్నరు. మేం సాకుతున్న తొమ్మిదేళ్ల కుక్కను వాళ్ల దగ్గరికి పంపాలె. యూరప్‌కు చెప్పే పద్ధతే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలా వరకు అదే, కానీ కొన్ని తేడాలున్నాయి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నిబంధనలు మారాయి, అంతకుముందు వెళ్లినవాళ్ల అనుభవం మీకు పనికిరాదు. మన దేశం కుక్కల రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఉంది. కాబట్టి ఐఎస్ఓ చిప్, ఆ తర్వాత టీకా, ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన విదేశీ రేబిస్ టీకా ఫారం, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఆన్‌లైన్ దిగుమతి ఫారం రసీదు ఇవన్నీ కావాలి. టైటర్ నమూనా మొదటి టీకాకు కనీసం 30 రోజుల తర్వాత, అమెరికా చేరడానికి కనీసం 28 రోజుల ముందు, సీడీసీ ఆమోదించిన ల్యాబ్‌కు వెళ్లాలి. ఆ రిపోర్టు లేకుండా దిగితే మీ ఖర్చుతో 28 రోజుల క్వారంటైన్. తొమ్మిదేళ్ల కుక్కకు తెలియనిచోట అన్ని రోజులు చాలా కష్టం, టైటర్ మానవద్దు.

ఇంకొకటి, టికెట్ ఏ ఊరికి దొరికితే ఆ ఊరికి తీయకూడదు. సీడీసీ గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న ఎయిర్‌పోర్టులోనే దిగాలి. న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ డల్లెస్, అట్లాంటా, మయామి, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలెస్‌లలో అలాంటివి ఉన్నాయి. ఆ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకుని, ఆ తర్వాతే టికెట్ కొనండి, కొనేముందు సీడీసీ జాబితా మరోసారి చూసుకోండి. అక్కడ కుక్కను పరీక్షించి, అమెరికా టీకా మళ్లీ వేసి పంపుతారు. వీటితో పాటు, శరీరంపై పుండ్లలో పెరిగే స్క్రూవార్మ్ పురుగు లేదని బయల్దేరే ముందు 5 రోజుల లోపు చూసి రాసిన పత్రం కావాలి. అందుకే చిన్న పుండు ఉన్నా ప్రయాణానికి ముందే మాన్పించండి.

ప్రశ్న: రోడ్డుమీది కుక్కను తెచ్చుకుని ఏడాదైంది. జ్వరం, ముక్కు నుంచి రక్తం. గోమార్ల జ్వరమని మందు రాశారు. వారంలో లేచి తిరిగింది. నెల కాగానే మళ్లీ పడిపోయింది. ఇంట్లో పిల్లి కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: కుక్క లేచి తినగానే మందు ఆపేసి ఉంటారు. గోమార్లు, అంటే పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. మధ్యలో ఆపితే క్రిమి మిగిలిపోతుంది, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు మళ్లీ పడిపోతాయి. ముక్కు నుంచి రక్తం వచ్చేది అందుకే. ఇంకో సంగతి, ఆ మాత్రను పాలలోనో పెరుగన్నంలోనో కలిపి పెడుతున్నారా? వాటిలోని కాల్షియం మందును పట్టేసి ఒంటికి పట్టనీయదు. ఉడికించిన చికెన్ ముక్కలోనో జొన్నరొట్టె ముక్కలోనో పెట్టండి, తిన్నాక నీళ్లు తాగించండి. మాత్ర గొంతులో ఆగితే అక్కడ పుండు పడుతుంది. మందు పూర్తయ్యాక ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించండి. గోమార్ల వల్లే వచ్చే మరో క్రిమి బెబీసియా కూడా కలిసి ఉంటే దాని మందు వేరు, అందుకే రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసే స్మియర్ పరీక్ష తప్పనిసరి.

కుక్కమీద ఏరేసినంత మాత్రాన గోమార్లు పోవు. రక్తం తాగిన ఆడ గోమారి కిందికి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేల గుడ్లు పెడుతుంది. పగుళ్లను సిమెంటుతో పూడ్చండి, పడుకునే బట్టలను వేడినీళ్లలో ఉతకండి, డాక్టర్ రాసిన గోమార్ల మాత్ర గడువు తప్పకుండా ఇవ్వండి. కుక్కకు మూర్ఛ ఉంటే ముందే చెప్పాలి. పశువులకు కొట్టే డెల్టామెత్రిన్ మందును ఇంట్లో వాడకండి, అది పిల్లిని చంపుతుంది. నొప్పికి ఇంట్లోని పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇవ్వరాదు. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

ప్రశ్న: మేం ఆస్ట్రేలియా పోతున్నం. మా దగ్గర తెచ్చి సాకిన రెండు కుక్కలున్నయి. ఒకదానికి గుండె జబ్బు, రోజూ నీరు తీసే మందు వాడుతున్నం. రెంటినీ తీసుకుపోవాలని పిల్లల పట్టు.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఆస్ట్రేలియా మన దేశం నుంచి నేరుగా కుక్కలను రానివ్వదు. వాళ్లు ఆమోదించిన మరో దేశంలో ముందు నెలల తరబడి ఉంచి, అక్కడి నుంచి పంపాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా ఇది పెద్ద పరీక్ష. గుండె జబ్బుతో నీరు తీసే మందు వాడుతున్న కుక్కను తీసుకుపోవద్దని గట్టిగా చెబుతున్నాం. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవి, మూర్ఛ అదుపులో లేనివి, రాత్రిళ్లు దారి తెలియక ఇల్లంతా తిరిగే ముసలివి కూడా అంతే. రెండూ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండలేనివైతే రెండింటినీ ఇక్కడే ఒకే ఇంట్లో ఉంచడం మేలు.

ఆ ఇల్లు వాటికి తెలిసినవాళ్లదై ఉండాలి. ఆరు వారాల ముందు నుంచి, మొదట గంటసేపు, తర్వాత ఒక పూట, తర్వాత రెండు మూడు రాత్రులు అక్కడ ఉంచండి. మందుల పేర్లు, వేళలు, డాక్టర్ నంబరు రాసి గోడకు అంటించండి. నెలనెలా మందులకు, తిండికి డబ్బు మీరే పంపండి. "చూసుకుంటం లే" అన్న మాట మీద వదలకండి, మందు ఒక్క వారం ఆగినా ఆ కుక్కకు ఊపిరి అందదు. మీ పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పండి.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన రెండు నెలల వీధికుక్క పిల్ల మా బాబు చేతిమీద పళ్లు దింపింది, రక్తం చిన్నగా వచ్చింది. పిల్ల చక్కగానే ఆడుతున్నది. పది రోజులు చూద్దామా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: చూడకండి. ఈ సంచిక మీ చేతికొచ్చేలోపే మీరు ఆసుపత్రికి వెళ్లి ఉంటారని ఆశిస్తున్నాం, లేకపోతే ఇవాళే వెళ్లండి. ఎన్ని రోజులు గడిచినా బాబుకు రేబిస్ టీకా వేయించాల్సిందే. కరిచిన వెంటనే పారే నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ వేసే, వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. అది దగ్గర్లో లేకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకాలు పడతాయి. కుక్కపిల్లను పది రోజులు గమనించడం వేరే పని, టీకా మొదలుపెట్టాకే అది. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి, ఆ లోపు ఇంట్లోని ఇతర జంతువులకు దూరంగా ఉంచండి.