గుడ్డ సంచికి టారిఫ్ కోడ్ రాసే ముందు

నాయనా,

గుడ్డ సంచుల కన్సైన్‌మెంట్ కాగితాలు ఇకపై నువ్వే చూడాలన్నారట, అందుకే రాస్తున్నాను. ఇన్వాయిస్‌లో ‘టెక్స్‌టైల్ బ్యాగ్’ అని ఉంటుంది. ఆ మాటతో టారిఫ్ కోడ్, అంటే కస్టమ్స్ సుంకం లెక్కకి సరుకు రకానికి ఇచ్చే అంకెలు, తేలదు. అదే పేరుతో వచ్చిన సరుకు 4202 హెడ్డింగులోకీ (కోడ్‌లో మొదటి నాలుగంకెల విభాగం) పోవచ్చు, 6305లోకీ, 6307లోకీ పోవచ్చు. శాంపిల్ చూడకుండా కోడ్ రాయకు.

ముందు తేల్చాల్సింది, అది మనిషి వెంట తిరిగే సంచా, సరుకు నింపి పంపే బస్తానా అన్నది. హ్యాండ్‌బ్యాగులు, షాపింగ్ సంచులు, బ్యాక్‌ప్యాకులు, పనిముట్ల సంచులు, ఆహారం వేడి పోకుండా ఉంచే సంచులు 4202. సరుకు ప్యాకింగ్‌కి వాడేవి 6305: జనపనార గోనె 6305.10, నూలుది 6305.20, సింథటిక్ జంబో బ్యాగు (సరుకు పెద్దమొత్తంలో నింపే భారీ సంచి) 6305.32, పాలీప్రొపిలీన్ పట్టీలతో నేసిన మామూలు బస్తా 6305.33. ఇంట్లో మాసిన బట్టలకో, చెప్పులకో వాడే సంచులు 6307.90. దుమ్ము వడకట్టే ఫిల్టర్ సంచి 5911.90. ఇక స్లీపింగ్ బ్యాగ్ పేరులోనే సంచి, అది 9404.30లో పరుపుల పక్కన ఉంటుంది!

ఎక్కువమంది దెబ్బతినేది జనపనార షాపింగ్ సంచి దగ్గర. గుడ్డ గోనెదే కదా అని 6305.10 రాసేస్తారు. సంచిని తిరగేసి చూడు. పిడులు అడ్డకుట్లతో గట్టిగా బిగించి, లోపల లైనింగ్ వేసి, అడుగు నిలబడేలా పక్కలు కుట్టి ఉంటే అది పదేపదే వాడటానికి చేసింది. దాని చోటు 4202. తప్పు రాస్తే సుంకం తేడాతో పాటు వడ్డీ, జరిమానా కూడా మీద పడవచ్చు.

4202లో కూడా తొందరపడకు. పిడి లేకపోయినా హ్యాండ్‌బ్యాగ్ హ్యాండ్‌బ్యాగే, పై ముఖం గుడ్డదైతే 4202.22. జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పెట్టుకునే పర్సులు 4202.32. సూట్‌కేసులు, బ్రీఫ్‌కేసులు 4202.12. మిగతా చాలావరకు 4202.92. ఇక్కడ చూసేది పై ముఖమే, లైనింగ్ కాదు. తోలు అంచులు, తోలు పిడి ఉన్నంత మాత్రాన గుడ్డ సంచి తోలు సంచి అయిపోదు.

గుడ్డ గుడ్డేనా అన్నది వేరే తలనొప్పి. నాన్‌వోవెన్ (నేయకుండా నారలను అతికించి చేసిన గుడ్డ) సంచి కాగితంలా కనిపించినా జౌళి సరుకే. ప్లాస్టిక్ పట్టీల నేత అయితే ఒక పట్టీ లాగి స్కేలు పెట్టు. మడతపడి ఉంటే విప్పకు, నేతలో ఉన్న వెడల్పే కొలత. 5 మిల్లీమీటర్లు దాటితే అది జౌళి కాదు, ఆ నేతతో కుట్టిన సంచి 4602కి పోతుంది. బస్తాకి పూత ఉంటే అంచు కత్తిరించి వెలుతురులో చూడు. రంగు మారితే పూత కనిపించినట్టు కాదు, పొర కంటికి ఆనాలి. రెండువైపులా అలా పూర్తిగా కప్పేసి ఉంటే ప్లాస్టిక్ కింద లెక్క, బస్తా 3923. ఉత్త ప్లాస్టిక్ షీటుతో, ఎక్కువకాలం వాడటానికి కాకుండా చేసిన పిడి కవర్లూ 3923లోనే.

సంచిలో సరుకు పెట్టి వస్తే, కోడ్ తేల్చడానికి టారిఫ్‌లో ఇచ్చిన సాధారణ సూత్రాల్లో ఐదోది చదువు. కెమెరాకి సరిపోయేలా చేసిన కేసు కెమెరాతోపాటే వస్తే కెమెరా కోడే. అదే కేసు ఖాళీగా వస్తే 4202. మామూలు ప్యాకింగ్ సరుకుతో పోతుంది గానీ, మళ్లీ మళ్లీ వాడుకోగల మంచి సంచిని ఆ పేరుతో దాటించలేం.

సప్లయర్ రాసిన కోడ్‌ని దించెయ్యకు. దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉండేవి మొదటి ఆరు అంకెలే, ఆ తర్వాతివి ఎవరివి వారివి. ఆ ఆరు అంకెలు కూడా 2022 ఎడిషన్‌వో పాతవో చూసుకో. మిగతా అంకెలకు నూలా, సింథటికా అని అడుగుతారు కాబట్టి నార శాతాలు ఆర్డరప్పుడే రాతపూర్వకంగా తెప్పించు.

అప్పటికీ రెండు హెడ్డింగుల మధ్య ఊగుతుంటే, ఓడ కదలకముందే అడ్వాన్స్ రూలింగ్‌కి (ఏ కోడో ముందే తేల్చి చెప్పే అధికారిక నిర్ణయానికి) దరఖాస్తు పెట్టు. శాంపిల్, కొలతలు, గుడ్డ ముక్క, లోపలివైపు తిప్పి తీసిన ఫొటో జతచెయ్యి. లోపలి ఫొటో లేకపోతే దాన్ని అడుగుతూ ఉత్తరం వస్తుంది, ఆ సరికి ఓడ రేవులో ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన