లైట్లు పెంచితే చిత్రం ఇంకా పాడవుతుందండి

నీళ్లలోని ఇనుప స్తంభాలను చూడ్డానికి అంతర్వేది దగ్గర గోదావరి మొగలో మీ నీటి డ్రోన్ (నీళ్లలో తిరిగే కెమెరా యంత్రం) దింపితే గోధుమరంగు మసక తప్ప ఏమీ రాలేదనీ, ఇంకో రెండు లైట్లు బిగిస్తే మరీ పాడైందనీ రాశారు. కెమెరా తప్పు కాదండి. లెన్సు పక్కనే లైటు ఉంటే ఆ వెలుగు నీళ్లలోని ఒండ్రు మీద పడి నేరుగా వెనక్కొస్తుంది, పొగమంచులో హైబీమ్ వేసినట్టే. లైట్లను కడ్డీల మీద వీలైనంత పక్కకి జరిపి, వెలుగు తగ్గించి, ఏటవాలుగా తిప్పండి.

మీరు నమూనాగా తీసుకున్న ఉత్తర సముద్రపు గాలిమరల దగ్గర కూడా కెమెరా ఒక్కదాన్నే నమ్ముకోరు. పునాది చుట్టూ ఇసుక ఎంత కోసుకుపోయిందో, ధ్వని తరంగాలతో పనిచేసే సోనార్‌తో చూస్తారు. అది కాలేజీ ప్రాజెక్టుకి ఖరీదే. బదులుగా లెన్సు ముందు అక్రిలిక్ డబ్బా బిగించి, గాలి బుడగ మిగలకుండా తేట నీళ్లు నింపి, స్తంభానికి ఆనించండి. మధ్యలో బురద నీరు ఉండదు కాబట్టి తుప్పు, వెల్డింగ్ పగుళ్లు కనిపిస్తాయి. ఒక్కసారికి జానెడు మేరే, ఓపిక కావాలి.

పోటు ఆగి పాటు మొదలయ్యే ముందు నీరు కాసేపు నిలబడుతుంది, అప్పుడే దింపండి. వరదల నెలలు వదిలేయండి. ఎర్రనీరు పులసకి మంచిదే గానీ మనకి కాదు.

ఇనుప స్తంభం దగ్గర కంపాస్ తప్పు చూపిస్తుంది. దిక్కు కోసం జైరో (తిరుగుడును కొలిచే సెన్సర్) మీద ఆధారపడండి.