స్కూలు వైరింగ్: ‘ఎఫ్ఆర్’ సరిపోతుందా?

ప్రశ్న: మూడంతస్తుల స్కూలు భవనం కడుతున్నాం. కొటేషన్‌లో ‘ఎఫ్ఆర్ వైరు’ అని రాశారు. సీసం, విషవాయువుల బెడద తగ్గాలంటే ఏం రాయించాలి?

జవాబు: ఎఫ్ఆర్ అంటే మంట త్వరగా పాకదని మాత్రమే. దాని తొడుగు పీవీసీయే. పీవీసీ రెసిన్ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు వస్తుంది. కళ్లు మండి, మెట్లదారి కనిపించక పిల్లలు చిక్కుకుపోతారు. ఎఫ్ఆర్ఎల్ఎస్ (పొగ తక్కువ వచ్చే ఎఫ్ఆర్) రకంలో ఈ వాయువు తగ్గుతుందే గాని పోదు.

కాబట్టి ‘ఐఎస్ 17048 ప్రకారం హాలోజన్ లేని రాగి వైరు’ అని రాయించండి. ఐఎస్ అంటే భారత ప్రమాణం, హాలోజన్ అంటే క్లోరిన్ లాంటి మూలకాలు. ఇక్కడే చాలామంది పొరబడతారు: హాలోజన్ లేదంటే సీసం లేదని అర్థం కాదు. అందుకే ‘సీసం 0.1 శాతం, కాడ్మియం (ఇదీ విషలోహమే) 0.01 శాతం మించకూడదు’ అని వేరే వాక్యం చేర్చి, మీరు కొనే రకానికే చెందిన ల్యాబ్ రిపోర్టు అడగండి. కంపెనీ బ్రోషర్‌ని రిపోర్టుగా ఒప్పుకోవద్దు.

‘లేదా సమానమైనది’ అన్న మాట కొట్టేయించండి. ఆ సందులోంచే మామూలు ఎఫ్ఆర్ కాయిల్ సైటుకి వస్తుంది. కాయిల్ దిగగానే వైరు మీద ముద్రించిన ఐఎస్ నంబరు చదవండి. 694 అని ఉంటే అది పీవీసీ వైరు, వెనక్కి పంపండి.

ఫాల్స్ సీలింగ్‌లో పీవీసీ పైపు వేస్తే, హాలోజన్ లేని వైరుకి పెట్టిన ఖర్చులో చాలా భాగం వృథా. అక్కడ స్టీలు పైపు వేయించండి, ఎర్తింగ్ కలపడం మరవకండి. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది, ఎల్ఈడీలే పెట్టండి.