స్పందనకూ ఒక తేదీ, ఒక ఊరు ఉంటాయి: యువ రచయిత్రికి లేఖ

చెల్లీ,

నీ వ్యాసం చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. అఫ్గానిస్తాన్‌లో పోరాడిన సైనికుల మీద వచ్చిన డాక్యుమెంటరీలకు జనం ఎలా స్పందించారో తెలుగులో రాయాలనుకోవడం నాకు బాగా నచ్చింది. పని పెద్దదే గానీ చేయదగ్గదే. అయితే మొదటి వాక్యం దగ్గరే నా పెన్ను ఆగిపోయింది. "‘ఆర్మడిల్లో’ డెన్మార్క్ ప్రజలను కుదిపేసింది" అన్నావు. ఏ ప్రజల్ని? ఏ నెలలో? సినిమా చూశాకా, చూడకముందేనా?

ఆ సినిమా సంగతే తీసుకో. దక్షిణ అఫ్గానిస్తాన్‌లో హెల్మండ్ రాష్ట్రంలోని ఓ ముందువరుస స్థావరంలో డేనిష్ సైనికుల వెంట ఉండి యానుస్ మెట్జ్ 2009లో చిత్రీకరించాడు. స్థావరం పేరే ఆర్మడిల్లో. 2010 మే నెలలో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో, క్రిటిక్స్ వీక్ విభాగంలో తొలిసారి వేశారు. ఆ విభాగపు పెద్ద బహుమతి కూడా దానికే దక్కింది. గాయపడ్డ శత్రువుల్ని సైనికులు చంపేశారా అన్న గొడవ డెన్మార్క్‌లో రాజుకున్నది సరిగ్గా అప్పుడే. అప్పటికింకా ఆ దేశంలో మామూలు జనం టికెట్ కొని చూసే వీలే లేదు. గొడవ పెరిగేసరికి విడుదలను ముందుకు జరిపి మే నెలాఖరుకల్లా థియేటర్లలో వేశారు. అందుకే మొదటి రోజుల్లో వినబడిన కోపం, సమర్థింపు చాలావరకు పత్రికల్లో వచ్చిన వార్త మీద. సినిమా మీద కాదు. ఈ రెంటినీ ఒకే పేరాలో కలిపేస్తే వ్యాసం అక్కడే తప్పుదారి పడుతుంది.

కాబట్టి ముందు ఒక నోట్‌బుక్ తీసి గళ్లు గీసుకో. తేదీ, మాట్లాడిన మనిషి, ఆ మనిషి ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడు (మాజీ సైనికుడా, ఎంపీయా, చనిపోయిన సైనికుడి తల్లా, సమీక్షకుడా), సినిమా చూశాడా లేదా, అన్న మాట ఉన్నదున్నట్టు, అది ఏ భాషలో అన్నది, చివరిగా ఆ మనిషి ఏం కోరుతున్నాడు. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు, అసలు సరుకంతా అందులోనే ఉంటుంది. "దారుణం" అన్నవాళ్లలో ఒకరు విచారణ కోరతారు, ఒకరు సైన్యాన్ని వెనక్కి పిలవమంటారు, ఇంకొకరు ఇలాంటివి బయటికి చూపొద్దంటారు. ముగ్గురి నోటా ఒకే మాట, అడిగింది మాత్రం మూడు వేర్వేరు సంగతులు. పన్నెండు వందల మాటల వ్యాసానికి కనీసం ముప్పై స్పందనలు పోగుచెయ్యి. వాటిలో ఆరో ఏడో వాడుకుంటే చాలు. మిగతావి కాగితం మీదికి రాకపోయినా, వాడుకున్నవి ఏ బరువుతో నిలబడాలో నీకు చెబుతాయి.

ఇక సినిమాను మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా. రెండోసారి ప్రతి ముఖ్య ఘట్టానికీ గంట, నిమిషం, సెకను రాసుకుంటూ. మూడోసారి, తెర మీద లేనిదేమిటో వెతుక్కుంటూ. రెండోసారి చూసేటప్పుడు కంటికి కనబడింది ఒక పక్క, చెవికి వినబడింది ఒక పక్క, తర్వాత ఎవరో చెప్పగా తెలిసింది ఇంకో పక్క రాసుకో. డెన్మార్క్‌లో గొడవకు కేంద్రమైన కాలువ ఘట్టానికి ఇది తప్పనిసరి. గస్తీకి వెళ్లిన సైనికులకు అతి దగ్గరలో కాల్పులు ఎదురవుతాయి. తాలిబన్ల మనుషులు దాక్కున్న కాలువలోకి ఒకడు గ్రెనేడ్ విసురుతాడు. ఆ తర్వాత కాలువలో మృతదేహాలు కనబడతాయి, ఆయుధాలు బయటికి తీస్తారు. నడుమ ఆ కొద్ది క్షణాల్లో ఏం జరిగిందో కెమెరా స్పష్టంగా చూపదు. గాయపడ్డవాళ్లను వీలైనంత మానవీయంగా చంపేశాం అన్న అర్థం వచ్చే మాట, దాని చుట్టూ నవ్వులు, ఇవన్నీ స్థావరానికి తిరిగొచ్చాక వినబడతాయి. నువ్వు మాత్రం "గాయపడ్డవారిని చంపడం తెరపై చూసి ప్రేక్షకులు నిర్ఘాంతపోయారు" అని రాశావు. వాళ్లు చూసింది అది కాదమ్మా, విన్నది. ఈ తేడా చిన్నదని అనుకోకు. ఆ దేశంలో చర్చ చాలావరకు ఈ తేడా చుట్టూనే నడిచింది.

ఆ మాటను తెలుగు చెయ్యడమూ గట్టి పనే. డేనిష్‌లో ఆ సైనికుడు వాడిన క్రియ కంపెనీ మూసేసి లెక్కలు తేల్చడానికీ వాడతారు, మనిషిని పథకం ప్రకారం చంపడానికీ వాడతారు. చల్లటి, ఆఫీసు వాసన వేసే మాట. నువ్వు "మట్టుబెట్టాం" అని పెట్టావు. మన పత్రికల్లో ఆ మాట గెలిచినవాడి పక్కనుంచి వస్తుంది, చదివేవాడు తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టేస్తాడు. "హతమార్చాం" అంటే నేరం రుజువైనట్టు వినబడుతుంది. "లేపేశాం" అంటే వీధి వేడి అంటుకుంటుంది, ఆ కుర్రాడి నోట ఆ వేడి లేదు. "ఏరివేశాం" అంటే తెలుగువాళ్లకు అడవుల్లో కూంబింగ్ గుర్తొచ్చి ఆలోచన ఎటో వెళ్తుంది. నా సలహా: "చంపేశాం" అని ఉత్త మాట పెట్టు. పక్కనే ఒక్క వాక్యంలో, అసలు మాటకు కంపెనీ మూసెయ్యడమనే అర్థం కూడా ఉందని చెప్పు. చదివేవాళ్లకు వెన్నులో చలి పుట్టడానికి అది చాలు. "మానవీయంగా" అన్న మాటను మాత్రం "బాధ లేకుండా" అని మార్చకు. మానవీయం అన్న మాట అక్కడ నిలబడలేక నిలబడి ఉంది, అందుకే జనానికి గుచ్చుకుంది.

ఇంకో చోట "కోర్టు సైనికులను నిర్దోషులుగా ప్రకటించింది" అని రాశావు. విషయం కోర్టు దాకా పోలేదు. సైన్యపు న్యాయ విభాగం పరిశీలించి, కేసు పెట్టడానికి ఆధారం లేదంది. నిర్దోషి అని తేల్చడం వేరు, కేసు పెట్టకపోవడం వేరు. గాయపడి పోరాడలేని స్థితిలో ఉన్నవాణ్ని చంపకూడదని 1949 జెనీవా ఒప్పందాలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణం చెబుతుంది. కాలువలో ఉన్నవాళ్లు ఆ క్షణాన పోరాడగలరా లేదా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. జనంలో ఎంతోమందికి మంట పుట్టించింది అది కాదు, నవ్వు. నవ్వడం నేరం కాదు, అయినా మనసు ఒప్పుకోదు. చట్టం అడిగే ప్రశ్న ఒక పేరాలో, మనసు అడిగే ప్రశ్న మరో పేరాలో పెట్టు.

నువ్వు పట్టించుకోకుండా దాటేసిన ఘట్టం ఒకటుంది. సైనికుల్లో ఒకడు ఇంటికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడని, ఆ మాట పైకి పాకిందని నాయకుడు అందర్నీ కూచోబెట్టి చెబుతాడు. అంటే సినిమా పూర్తికాకముందే దానికి మొదటి స్పందన వచ్చేసింది, అదీ కన్నవాళ్ల నుంచి. "ఇంటి సంగతి వీధిలో పెట్టావు" అన్న కోపం ఆ గదిలో ఎలా పరుచుకుంటుందో చూడు. తర్వాత డెన్మార్క్ అంతటా మాజీ సైనికులు, కుటుంబాలు, నాయకులు పడిన గొడవంతా ఆ గదిలో అప్పటికే చిన్నగా ఉంది. వ్యాసం అక్కడ మొదలుపెడితే ఎలా ఉంటుందో ఆలోచించు.

డెన్మార్క్ ఎంత చిన్నదో కూడా చెప్పాలి. అప్పటి జనాభా సుమారు 55 లక్షలు, మన హైదరాబాద్ నగరం కన్నా తక్కువ. ఆ యుద్ధంలో చనిపోయిన డేనిష్ సైనికులు 43 మంది. తెలిసినవాళ్ల అబ్బాయో, పక్కవీధి కుర్రాడో వెళ్లి ఉంటాడు. అంత దగ్గరితనంలో నుంచి వచ్చిన స్పందనను మన పాఠకుడు దూరపు దేశపు వార్తలా చదివేస్తే, తప్పు రాసినవాళ్లదే.

అమెరికన్ సినిమా ‘రెస్ట్రెపో’ గురించి రెండు పేరాలు రాశావు. బాగున్నాయి, తేదీలే లేవు. టిమ్ హెదరింగ్టన్, సెబాస్టియన్ యుంగర్ కునార్ రాష్ట్రంలోని కోరెంగల్ లోయలో ఒక ప్లటూన్ (చిన్న సైనిక దళం) వెంట తిరిగి తీశారు. ఆ దళం మోహరింపు 2007 మే నుంచి 2008 దాకా, 15 నెలలు. సినిమా అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పొందింది 2010 జనవరిలో, థియేటర్లకు వచ్చింది జూన్‌లో. జనవరికీ జూన్‌కూ నడుమ, ఏప్రిల్‌లో, అమెరికా సైన్యం ఆ లోయను ఖాళీ చేసి వచ్చేసింది. జనవరిలో చూసినవాడు సాగుతున్న పోరును చూశాడు. జూన్‌లో చూసినవాడు వదిలేసిన కొండ కోసం పోయిన ప్రాణాలను చూశాడు. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. వ్యాఖ్యానం చెప్పే గొంతు లేదు, జనరళ్లు లేరు, మంత్రులు లేరు. సైనికుల ముఖాలు, తర్వాత ఇటలీలో తీసిన ఇంటర్వ్యూలు, అంతే. అందుకే యుద్ధం కావాలన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ తమ తమ మాటకు అందులో సాక్ష్యం వెతుక్కోగలిగారు.

ఆ సినిమాలో ఆవు ఘట్టం ఉంది. ఇనుపముళ్ల కంచెలో చిక్కుకున్న ఆవును సైనికులు చంపి తినేశారు. ఊరి పెద్దలు వచ్చి డబ్బు అడిగారు. డబ్బు ఇవ్వం, ఆవు బరువుకు సరిపడా బియ్యం, చిక్కుళ్లు, చక్కెర ఇస్తామన్నారు. ఈ ఘట్టం దగ్గర తెలుగు పాఠకుడి స్పందన ఎటు పోతుందో ముందే ఊహించుకో. కొందరి చూపు గోవధ దగ్గరే ఆగుతుంది. పల్లెలో పాడి మీద బతికినవాళ్లు మాత్రం వెంటనే లెక్క వేస్తారు: ఆవంటే పాలు, దూడ, పేడ, కష్టకాలంలో అమ్ముకునే ఆస్తి. తూకం వేసి ఇచ్చిన బియ్యం ఎన్ని వారాలొస్తుంది? ఆ పెద్దల ముఖాల్లో కనబడేది ఈ లెక్కే. నువ్వు ఆ ఘట్టాన్ని "హాస్య సన్నివేశం" అన్నావు. దయచేసి తీసెయ్యి.

మన వాళ్ల సంగతి వచ్చింది గనక ఇదీ చెప్పాలి. తాలిబన్ అన్న పేరు తెలుగు చెవికి ఖాళీగా వినబడదు. 2006 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన టెలికాం ఇంజనీరును అక్కడ అపహరించి చంపారు. ఆ వార్త గుర్తున్నవాళ్లు కాలువ ఘట్టాన్ని డేనిష్ న్యాయవాదిలా చూడరు. వాళ్లను తప్పుపట్టకు, ఆ సంగతి వ్యాసంలో ఒక వాక్యంగా ఉంచు.

బహుమతుల్ని ప్రజాస్పందన అనుకోవద్దు, అది జ్యూరీ మాట. టికెట్ల లెక్కా మెచ్చుకోలు కాదు, తిట్టడానికి వెళ్లినవాడూ టికెట్ కొంటాడు. ఇంతకు మించి వాటి మీద రాయక్కర్లేదు.

చివరిగా, అన్నిటికన్నా బరువైన సంగతి. నీ వ్యాసంలో స్పందించినవాళ్లంతా సైనికుల్ని పంపిన దేశాలవాళ్లే. అఫ్గాన్లు కూడా ప్రేక్షకులే, వాళ్లలో తాలిబన్లూ ఉన్నారు. 2021లో అమెరికా సేనలు వెళ్లిపోతున్న నెలల మీద మాథ్యూ హైన్‌మన్ తీసిన ‘రెట్రోగ్రేడ్’ 2022లో వచ్చింది. అమెరికన్ల కోసం మందుపాతరలు తీసిన ఒక అఫ్గాన్ యువకుడి ముఖం అందులో మసక చెయ్యకుండా కనబడుతుంది. ఆ క్లిప్ చూపించి తాలిబన్లు అతణ్ని పట్టుకుని హింసించారని, ఆ తర్వాత అతను చనిపోయాడని పత్రికల్లో వచ్చింది. చావుకు సినిమాయే కారణమన్న మాటను తీసినవాళ్లు ఒప్పుకోలేదు. 2024లో నేషనల్ జియోగ్రాఫిక్ ఆ సినిమాను తన వేదికల నుంచి తీసేసింది. సమీక్షలు, అవార్డులు, చర్చలు ఒక పక్క సాగుతుండగా, ఇంకో పక్క ఎవరో ప్రేక్షకుడు క్లిప్‌లో ముఖాన్ని పోల్చుకున్నాడన్నమాట. అదీ స్పందనే. దాన్ని రాయకుండా ఈ అంశం మీద వ్యాసం పూర్తికాదు.

అందుకే నువ్వు జతచేసిన ఫొటో గురించి రాస్తున్నాను. నడుమ ఉన్న సైనికుల మీదే నీ చూపు పడింది. ఎడమ అంచున తలపాగాతో నిలబడ్డ దుబాసీ ముఖం చక్కగా గుర్తుపట్టేలా ఉంది. అతను ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో, అతని తమ్ముళ్లు ఏ ఊళ్లో ఉన్నారో మనకు తెలియదు. ముఖం మసక చేస్తే చాలదు, ఎడమ పక్కంతా కత్తిరించు. ఫైలుకు అంటిపెట్టుకుని ఉండే తేదీ, స్థలం వివరాలు కూడా చెరిపేసి, అప్పుడు పంపు. వ్యాసం వచ్చే ఆదివారానికి కాకపోతే ఆ పై ఆదివారానికి వేద్దాం.

ఉంటాను,
మీ అన్నయ్య