నాదమ్ పండుగ: ఉలాన్‌బాతర్‌లో చూడాలా, పల్లెలోనా?

మంగోలియాలో జూలైలో జరిగే నాదమ్‌కి వెళ్ళాలనుకుంటున్నారు, రాజధానిలో చూడాలా, బయట పల్లెల్లో చూడాలా అని అడిగారు. రెండూ చూశాను కాబట్టి చెప్తున్నాను. ఒక్కటే కుదురుతుందంటే పల్లెకే వెళ్ళండి.

రాజధాని నాదమ్ ఘనంగానే ఉంటుంది. 1921 విప్లవం జ్ఞాపకార్థం జూలై 11న మొదలవుతుంది. తొమ్మిది తెల్ల ధ్వజాలను గుర్రాల మీద ఊరేగింపుగా స్టేడియంకి తెస్తారు. కుస్తీ, విలువిద్య, గుర్రప్పందెం మూడూ ఉంటాయి. 2010లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కానీ టికెట్ల కోసం టెన్షన్, జనం, ట్రాఫిక్ తప్పవు. పైగా గుర్రప్పందేలు స్టేడియంలో జరగవు. ఊరికి పడమర దిక్కున ఖుయ్ దోలోన్ ఖుదాగ్ మైదానానికి వెళ్ళాలి. స్టేడియంలోనే కూర్చుంటే గుర్రాలు పరుగెత్తడం చూడలేరు.

సోమ్, అంటే మన మండలం లాంటిది, అక్కడ జరిగే నాదమ్‌లో ఇవన్నీ ఒకే గడ్డి మైదానంలో, మీ కళ్ళ ముందే జరుగుతాయి. తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, మీరు దిగే గెస్ట్‌హౌస్ వాళ్ళని అడిగితే చెప్తారు.

గుర్రప్పందెం గురించి కాస్త వివరంగా చెప్పాలి. వీటికి గుండ్రటి ట్రాక్ ఉండదు. గుర్రాల వయసును బట్టి దూరం పెడతారు. రెండేళ్ళవి పది, పన్నెండు కిలోమీటర్లు పరుగెడితే, పెద్దవి ఇరవై దాటి పరుగెడతాయి. ముందు ఆ దూరమంతా నడిపించుకుని వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి పరుగెత్తిస్తారు. బయల్దేరే ముందు పిల్లలు గుర్రాల మీద గుండ్రంగా తిరుగుతూ "గింగో" అని సాగదీసి పాడతారు. ఆ పాట వినగానే గుర్రాలు చెవులు నిక్కబొడుచుకుని, కాళ్ళు నిలవక కదులుతుంటాయి. ప్రతి గుర్రానికీ నుదుటి జూలు పైకి కట్టి, తోకని మధ్యలో బిగించి ఉంటారు. గమ్యం దగ్గర నిలబడితే చాలాసేపు దూరాన దుమ్ము తప్ప ఏమీ కనబడదు. గెలిచిన గుర్రం రాగానే జనం దాని చెమట తాకడానికి ఎగబడతారు, అది తగిలితే కలిసొస్తుందని నమ్మకం. శిక్షకుడు కొయ్యబద్దతో ఆ చెమటని ఒళ్ళంతా గీసి తీస్తాడు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. రెండేళ్ళ గుర్రాల పందెంలో అందరికన్నా చివర వచ్చిన దానికి కూడా పాట పాడి గౌరవం చేస్తారు. వచ్చే ఏడాది ముందుండాలని దీవిస్తారు. ఓడిన పశువుని చిన్నబుచ్చకపోవడం మన ఎడ్ల పందేల దగ్గర కూడా ఉంటే బాగుండనిపించింది.

స్వారీ చేసేది చిన్నపిల్లలని తెలిసి వెళ్ళండి. ఏడేళ్ళు నిండాలని చట్టం ఉంది, హెల్మెట్, బీమా తప్పనిసరి. అయినా పిల్లలు పడి గాయపడటం, ప్రాణాలు పోవడం జరుగుతూనే ఉంది, పిల్లల హక్కుల కోసం పనిచేసేవాళ్ళు గట్టిగానే అడుగుతున్నారు. నాకు ఆ పందెం ఎంత ఇష్టమైనా, చిన్నపిల్లాడు జీను మీద ఊగుతుంటే గుండె దడదడలాడింది. వయసు పెంచడమే న్యాయం.

కుస్తీకి బరువు విభాగాలు లేవు. కొండంత మనిషి పీలగా ఉన్నవాడితో తలపడొచ్చు. అరిచెయ్యి, పాదం కాకుండా మోకాలో, మోచేయో నేలకి తగిలితే ఓటమి. ఓడినవాడు గెలిచినవాడి చంక కింద నుంచి వెళ్తాడు, గెలిచినవాడు చేతులు చాచి గద్దలా నాట్యం చేస్తాడు. రాజధాని నాదమ్‌లో గెలిచిన రౌండ్లను బట్టి డేగ, ఏనుగు, గరుడ, సింహం అనే బిరుదులిస్తారు. విలువిద్యలో ఆడవాళ్ళు కూడా పోటీ పడతారు. గురి తగలగానే లక్ష్యం పక్కనే నిలబడ్డ న్యాయనిర్ణేతలు చేతులెత్తి "ఊఖాయ్" అని అరుస్తారు.

తిండి విషయానికొస్తే, మైదానం నిండా ఖూషూర్ వేయిస్తుంటారు, లోపల కైమా పెట్టిన పెద్ద కజ్జికాయలా ఉంటుంది. శాకాహారులైతే పల్లెలో ఇబ్బందే, పులిహోర పొడి, మరమరాలు, అటుకులు వెంట తీసుకెళ్ళండి. ఎండ చుర్రుమంటుంది, రాత్రి స్వెటర్ కావాలి, మధ్యలో వాన కూడా పడొచ్చు. ఎవరైనా ఐరాగ్ (పులియబెట్టిన గుర్రప్పాలు, కాస్త మత్తు ఉంటుంది) గిన్నెతో ఇస్తే, కుడి మోచేతి కింద ఎడమచెయ్యి ఆనించి కుడిచేత్తో అందుకోండి. తాగలేకపోతే పెదవికి తగిలించి తిరిగిచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.