మందు మానిన వాళ్ల మీటింగులు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: మాది మంచిర్యాల వైపు. బొగ్గుగనిలో ఉద్యోగం కోసం వచ్చి బల్లార్షాలో స్థిరపడ్డాం. మా ఆయనకు 44 ఏళ్లు. 2021లో చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం ఎత్తేశాక తాగుడు బాగా ఎక్కువైంది. నిరుడు డీ-అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులు ఉంచాం. బయటికొచ్చిన రెండు నెలలకే ఓ దావత్‌లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు పొద్దున్నే కాస్త పడకపోతే చేతులు వణుకుతాయి. తాగుడు మానిన వాళ్ల మీటింగులకు వెళ్తే మేలని ఒకరు చెప్పారు. అవి తెలుగులో ఉంటాయా? అందరికీ తెలిసిపోతుందేమోనని ఆయన భయం. కూరలో కలిపే పొడి ఉందని ఇంకొకరు అంటున్నారు. వాడొచ్చా?
– ఒక సోదరి, బల్లార్షా

జవాబు: అమ్మా, ముందు ఆ పొడి సంగతి. దయచేసి వాడకండి. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందును మేమూ రాస్తాం, కానీ మనిషికి అన్నీ వివరించి, ఆయన ఒప్పుకున్నాకే.

పొద్దున్నే చేతులు వణుకుతున్నాయంటే శరీరం మద్యానికి పూర్తిగా అలవాటు పడిపోయింది. ఈ దశలో ఇంట్లోనే ఒక్కసారిగా మానిపిస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాతి రెండు రోజుల్లో మతి తప్పి, లేనివి కనిపించే స్థితి కూడా రావచ్చు. ఒట్టు పెట్టించుకుని గదిలో ఉంచి గడియ పెట్టడం లాంటివి చేయకండి. చంద్రపూర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. పాత సెంటర్ కాగితాలు తీసుకెళ్లండి. రోజుకు ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి, మందుల మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. వారం పది రోజులు మందులు, విటమిన్ బి1 ఇచ్చి వణుకు తగ్గిస్తారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఒంట్లోంచి మద్యం పోయాక కూడా జీతం పడ్డ సాయంత్రాలు ఉంటాయి, పెళ్లిళ్లు, దినాలు ఉంటాయి. దావత్‌లో గ్లాసు చేతికిచ్చిన నిమిషంలో ఫోన్ చేయడానికి ఆయనకు ఒక మనిషి కావాలి. తాగుడేంటో, మానడమేంటో తెలిసిన మనిషి. నిరుడు ఆయనకు లేనిది అదే. మీటింగుల్లో దొరికేదీ అదే.

మీరు విన్నవి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు అయ్యుంటాయి. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఒక గదిలో పది పదిహేను కుర్చీలు, టీ. ఒక్కొక్కరూ ఇంటిపేరు లేకుండా పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తన కథ మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలు ఇవ్వరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే కూర్చుని వింటే సరిపోతుంది. చివర్లో డబ్బా తిప్పుతారు, వేస్తే వేయొచ్చు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది గట్టి నియమం కాబట్టి ఆయన భయపడాల్సిన పని లేదు. అసలు కాలనీలో ఆయన తాగే సంగతి తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! కొన్నిచోట్ల చర్చి హాళ్లలో జరుగుతాయి, దానికి మతంతో సంబంధం లేదు.

వెతకడానికి ఏఏ ఇండియా వెబ్‌సైట్ చూడండి. నాగ్‌పూర్‌లో, హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్లుగా గ్రూపులు నడుస్తున్నాయి. దగ్గర్లో ఎక్కడ కూడుతున్నారో వాళ్లే చెబుతారు. దగ్గర్లోని డీ-అడిక్షన్ సేవల కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మనసు బాగా కుంగిపోతే టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416లో తెలుగు ఎంచుకునే వీలుంది. కోవిడ్ నుంచి ఆన్‌లైన్ మీటింగులు కూడా పెరిగాయి. సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ డ్యూటీలు పడేవాళ్లకు ఇవే వీలు.

ఇక భాష. తెలుగు మీటింగు దొరికేదాకా ఆగుదామని మాత్రం అనుకోవద్దు. గనిలో రోజూ మరాఠీ, హిందీ వినే మనిషికి అక్కడి మాటలు అర్థమవుతాయి. హిందీ మీటింగుకు వెళ్తూనే హైదరాబాద్ గ్రూపుల ద్వారా తెలుగు ఆన్‌లైన్ మీటింగు కోసం కనుక్కోండి. మొదటి మీటింగు ఆయనకు నచ్చకపోవచ్చు. కనీసం నాలుగైదుసార్లు, వీలైతే వేర్వేరు గ్రూపులకు వెళ్లాకే ఒక అభిప్రాయానికి రమ్మనండి. ఈ మధ్యలో డాక్టర్ ఇచ్చిన మందులు ఆపకూడదు. మీటింగుకు వెళ్తున్నాం కదా అని మందులు మానేసి మళ్లీ ఆసుపత్రికి వచ్చేవాళ్లున్నారు.

మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. తాగేవాళ్ల కుటుంబాలకు అల్-అనాన్ అని విడిగా మీటింగులున్నాయి. ఆయన రానన్నా మీరు వెళ్లొచ్చు. ఆయన డ్యూటీకి పోలేని రోజు జ్వరమని మీరు ఫోన్ చేస్తున్నారేమో, వైన్ షాపు బాకీలు మీరు కడుతున్నారేమో. అవి ఎలా ఆపాలో ఆ దారిలో నడిచిన ఆడవాళ్లే మీకు బాగా చెప్పగలరు. ఒకవేళ తాగి చేయి చేసుకుంటుంటే మాత్రం మీటింగుల దాకా ఆగకండి. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 112కు ఫోన్ చేయండి.